మగ్గం దుమ్ము అనుకున్నాం

వారం రోజులుగా పొద్దెక్కేదాకా మంచు విడవడం లేదు. రంగు వేసిన నూలు దండెం మీద ఇంకా తడిగానే ఉంది. ఆ ఉదయం దాన్ని తిరగేసి ఆరవేస్తుంటే పెద్దమ్మ బిడ్డ దవాఖాన నుంచి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది" అంది. ఆ వెంటనే, "నువ్వు తిన్నవా?" అని అడిగింది. తినలేదని చెప్పాను. మిగిలిన నూలు కూడా ఆరవేసి బయలుదేరాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. పక్కింటి మనిషి, నాకు పని నేర్పిన మనిషి. వరంగల్‌లో మా వాడ వాళ్లం నేసేవి నేల మీద పరిచే జంపఖానాలు. వెడల్పు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఎడమ సగం ఆమెది, కుడి సగం నాది. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను దారాన్ని బిగలాగేదాన్ని. అంచు లోపలికి పోయేది. "దారాన్ని ఇయ్యాలె బిడ్డా, గుంజొద్దు. నువ్వు గుంజితె అదీ గుంజుతది" అనేది. అంచు వంకర పోతే విప్పమనేది. తిట్టేది కాదు. తన వైపు బాగానే ఉన్నా, నాతో సమంగా తానూ విప్పేది.

కొన్నేళ్ల కిందట ఒక చలికాలం. నేసిన దారాన్ని కిందికి కొట్టే ఇనుప పంజా పట్టుకోగానే ఆమె వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడేవి. తర్వాత నీలంగా మారేవి. "నీలిరంగు తొట్లె పెట్టిన చెయ్యి కడుక్కోలేదా?" అని నవ్వాను. ఆమె వేళ్లు చూసుకుని, "గిది ఎప్పటి రంగో" అంది. మర్నాటి నుంచి పంజా పిడికి పాతచీర పీలిక చుట్టి పట్టుకునేది.

తర్వాత ముఖం మారింది. చర్మం బిగిసి ముడతలు మాయమయ్యాయి. ఒక పెళ్లిలో వాడ ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు.

"ఏం క్రీము రాస్తానవ్ వదినా? మాకూ జర చెప్పు."

"మొగడున్నప్పుడు లేని అందం గిప్పుడొచ్చింది. ఎవలకు చూపెట్టాలె?" అంది పెద్దమ్మ.

అందరం పడీపడీ నవ్వాం. ఆ పెళ్లి భోజనంలో ఆమె లడ్డును చిదిమి చిన్న చిన్న ముక్కలుగా తింది. నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. నేను చూశాను. నవ్వుతూనే చూశాను.

నూలు దుమ్ము గొంతులో చేరితే బెల్లం తింటే దిగిపోతుందని మా వాడలో అంటారు. మా మగ్గం దగ్గరా ఒక బెల్లం డబ్బా ఉంటుంది. మెట్లెక్కినా, నూలు మూట ఎత్తినా పెద్దమ్మకు ఆయాసం వచ్చేది. ఆగి, ఒక ముక్క నోట్లో వేసుకుని, నాకొకటి ఇచ్చేది. ఇద్దరం తినేవాళ్లం.

వేళ్ల కొసన పుండ్లు పడ్డప్పుడు నేనే ఆమెను కీళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆమె బిడ్డ పెళ్లయి ములుగులో ఉంటుంది. డాక్టరు ఆమె ముఖం, వేళ్లు, రక్తపరీక్షలు చూశాడు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీదికి తిరగబడి చర్మాన్ని గట్టిపరుస్తోందని చెప్పాడు.

"ఆయాసం ఉందా అమ్మా?" అని అడిగాడు.

పెద్దమ్మ నా వైపు చూసింది.

"అది మగ్గం దుమ్ము సార్. మా వాడల అందరికుంటది" అన్నాను.

బీపీ చూశారు, బాగానే ఉంది. అయినా గుండెకు ఎకో పరీక్ష చేయించుకోమన్నాడు. బయటికొచ్చాక, "వేళ్లు చూపెట్టనీకొస్తె గుండె దాక పోతాండు" అన్నాను. పెద్దమ్మ నవ్వింది. మగ్గం మీద జంపఖానా సగంలో ఉంది. అది దించాక పోదాం అనుకున్నాం. అది దించేసరికి ఇంకోటి ఎక్కింది.

ఆ పరీక్ష చేయించేనాటికి ఆమె కాళ్లు వాచాయి. ఒకరోజు మగ్గం దగ్గరే సొమ్మసిల్లింది. దవాఖానలో చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. చర్మం బిగిసినట్టే ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలూ బిగుసుకుపోతాయి. అక్కడ రక్తపోటు పెరుగుతుంది. చేతికి పట్టీ కట్టి చూసే బీపీలో అది తెలియదు. ఆ బిగువులోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె అలసిపోతుంది. ఈ జబ్బున్న వాళ్లకు ఆయాసం లేకపోయినా ఆ పరీక్ష చేస్తూ ఉండాలట. ముందే వచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. "అది చెప్పలేమమ్మా. మందులకు కొంత టైము దొరికేది" అన్నారు.

మందులతో కొన్నాళ్లు తేరుకుంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద కూర్చునేది. ఒకరోజు ధైర్యం చేసి అన్నాను.

"డాక్టరు నిన్నడిగితె నేను చెప్పిన పెద్దమ్మా."

"నువ్వేమన్న అబద్ధం చెప్పినవా? దుమ్మున్నదే గదా. నాకు నోరు లేదా, నేనన్న చెప్పలే" అంది. ఊపిరి తీసుకుని, "నీ పక్కన ఎవలు కూసుంటాండ్లు?" అని అడిగింది.

"ఎవలు లేరు."

"ఒక్కదానివే నేస్తె అంచు ఆగది బిడ్డా."

తప్పు నా వైపు జరిగితే తన వైపు కూడా విప్పే మనిషి. చివరికీ అదే చేసింది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో.

దినాలు అయిపోయిన రోజు పెద్దమ్మ బిడ్డ నల్లా కింద గిన్నెలు తోముతోంది. నీళ్లు మంచులా ఉన్నాయి. నేను ఆమె వేళ్లనే చూస్తున్నాను.

"ఏం చూస్తానవక్కా?"

"చలికి నీ వేళ్లు తెల్లబడుతయా?"

ఆమెకు అర్థమైంది. చేతులు చీరకు తుడుచుకుని నా ముందు చాపింది. చల్లనీళ్లకు ఎర్రగా ఉన్నాయి. ఒక్కొక్క వేలూ పట్టుకుని చూశాను.

"ఆయాసం?" అని అడిగి, జవాబు కోసం ఆగాను.

"లేదక్కా."

పెద్దమ్మ గుర్తుగా పీలిక చుట్టిన పంజా ఇస్తే తీసుకోలేదు. వాళ్లింట్లో మగ్గం లేదంది. సాయంత్రం ఐదింటి బస్సుకు ములుగు వెళ్లిపోయింది.