మా ఆయన్ని ఎక్కించని బండి

“మార్చలేదక్కా. కొంచెం మెత్తబరిచానంతే.”

“తోలు నానబెట్టి మెత్తబరచడం మా తాతల పనండి టీచరమ్మగారూ. మీరెప్పుడు నేర్చుకున్నారు?”

నరసాపురం స్టేషన్లో రైలు దిగాక మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలివి. ఆవిడ రిక్షా ఎక్కింది. నేను కాలువ గట్టు పట్టుకుని పేటకి నడిచాను. మరుసటి వేసవిలో ఆవిడకి బదిలీ అయింది. ఇంకో రెండేళ్లకి జబ్బు చేసి పోయిందని ఆవిడ పనిచేసిన బడి ఆయా సంతలో కనబడి చెప్పింది. అప్పటికే నెల దాటిపోయింది.

ఆవిడ ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేది. పెద్దకులం మనిషి, పెళ్లి చేసుకోలేదు. రాజమండ్రి స్నేహితురాళ్లతో కలిసి ఆడవాళ్ల కష్టసుఖాల మీద చిన్న పత్రిక ఒకటి వేసేది. లేసు అల్లే ఆడవాళ్ల సంగతులు రాసుకోవడానికి మా పేటకి వచ్చింది. మాది మాదిగపేట. తాతల నాడే బాప్తిస్మం పుచ్చుకున్నాం, గుడి కట్టుకున్నాం. పేట పేరు మాత్రం మారలేదు.

వచ్చిన మొదటిరోజే మంచినీళ్లు అడిగింది.

“మా ఇంట్లో తాగుతారా అండీ?” అన్నాను.

“దాహమేస్తే తాగరేంటక్కా?” అంది. తాగి, గ్లాసు అరుగు మీద పెట్టలేదు. నా చేతికే ఇచ్చింది.

అప్పటికి మా ఆయన పోయి రెండేళ్లు. పిల్లల్లేరు. అన్న ఇంటి వెనక వసారాలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. తెల్లారితే సూది, పొద్దుగూకితే సూది. లేసు షావుకారు మనిషికి తప్ప నాతో ఎవరికీ పని లేదు. పని లేకుండా నా గుమ్మంలో కూర్చున్న మనిషి ఆవిడొక్కతే. వారంలో రెండు మూడు సాయంత్రాలు వచ్చేది. ఆవిడొచ్చే రోజు వాకిలి రెండుసార్లు ఊడ్చేదాన్ని. అలాంటి ఒక సాయంత్రమే మా ఆయన సంగతి చెప్పాను. అన్నకి కూడా అంత వివరంగా చెప్పలేదు.

కుప్ప నూర్చేటప్పుడు మా ఆయన్ని పాము కరిచింది. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి బండి ఇమ్మని రైతు కాళ్ల మీద పడ్డాను. ఎడ్లు కట్టేవున్నాయి. “మాదిగోణ్ణెక్కించిన బండి మీద రేపు ధాన్యమెలా తోల్తామే?” అన్నాడు. నులకమంచం మీద వేసుకుని నలుగురు మోశారు. కాలువ లాకుల దగ్గరికి వచ్చేసరికి ప్రాణం పోయింది.

ఇది రాస్తున్న నా మేనకోడలు ఇక్కడ కలం ఆపింది.

“అత్తా, హరిజనులని రాయనా? మర్యాదగా ఉంటుంది.”

“ఆ మర్యాదేదో ఆ రైతుకి చెప్పిరావే. ఆయనన్న మాటే రాయి.”

రాసింది. రాసిందనే అనుకుంటున్నాను.

పత్రిక అచ్చయ్యాక రాజమండ్రిలో మీటింగు పెట్టారు. టీచరమ్మగారు నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. ఉతికిన తెల్లచీర కట్టుకున్నాను. కాలేజీ పిల్ల ఒకతె మైకు ముందు నిలబడి నా కథ చదివింది. పాము ఉంది, మంచం ఉంది, లాకులు ఉన్నాయి. రైతు మాట వచ్చేసరికి, “పేదవాళ్లమని మాకు బండి ఇవ్వలేదు” అని చదివింది. ఆడవాళ్లంతా కొంగులు కళ్లకి అద్దుకున్నారు. నా పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుని మరీ ఏడ్చింది. వాళ్లు ఎవరి మొగుడి కోసం ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. అంత మందిలో నేనొక్కదాన్నే ఏడవలేదు.

పేదవాళ్లకి ఆ బండి ఇచ్చేవాడు ఆ రైతు. ఆ నెలలోనే వాళ్ల కులం కూలివాడొకడు తాటిచెట్టు మీంచి పడితే, బండిలో గడ్డి పరిచి మరీ తీసుకెళ్లారు. వాడికి మాకున్న పాక కూడా లేదు.

తిరుగు రైల్లో నిడదవోలు దాటాక ఉండబట్టలేక అడిగాను.

“ఆ మాటెందుకు తీసేశారండీ?”

“చదివేవాళ్లు నిన్ను తక్కువ చేస్తారని భయమేసిందక్కా. అయినా, నువ్వల్లిన పువ్వూ పెద్దిళ్ల గోషా ఆడవాళ్లల్లిన పువ్వూ ఒకే బల్లగుడ్డలో అతుకుతారు కదా. ఏది ఎవరిదో ఎవరైనా చెప్పగలరా? ఆడవాళ్లందరం అంతే.”

“గుడ్డలో తెలీదండి, షావుకారు అరుగు దగ్గర తెలుస్తుంది. దారపుండ వాళ్లకి ఇంటికి పంపిస్తాడు. నన్ను మెట్టు కింద నిలబెట్టి కొంగులోకి విసురుతాడు.”

ఆవిడ భీమవరంలో వేరుశెనక్కాయలు కొని పొట్లం నా వైపు జరిపింది. నేను ముట్టుకోలేదు. ఆ తర్వాత నరసాపురంలో అనుకున్న మాటలే మొదట చెప్పాను.

జరిగింది చెబితే పేటలోనూ నన్ను మెచ్చుకున్నవాళ్లు లేరు. “ప్రభువులో కులం లేదమ్మా, ఎందుకు తవ్వుతావు?” అన్నారు పాస్టరుగారు.

“ప్రభువులో లేదయ్యగారూ, బండిలో ఉంది” అన్నాను.

ఆ ఆదివారం నుంచి గుడిలో నా చాప పక్కన ఎవరూ చాప వేయలేదు. మా వదినైతే “మీటింగులకెళ్లి నోరు పెరిగింది” అని ఇంటింటికీ చెప్పొచ్చింది. నోరు పెరిగి ఏం లాభం? మాట్లాడటానికి మనిషి లేదు. సాయంత్రమైతే చెవి వీధి వైపే ఉండేది. ఆవిడ రాలేదు. నేనూ వెళ్లలేదు. బడి ఎంత దూరం? కాలువ దాటితే బడే. ఆవిడది తప్పని ఇప్పటికీ అంటాను. ఆ మాట అన్నందుకు బాధ లేదు. అన్నాక ఒక్కసారి ఆ కాలువ దాటనందుకే బాధ. పోట్లాడటానికైనా సరే, దాటి ఉండాల్సింది.

ఇప్పుడు మా మేనకోడలి హాస్టలు పిల్లలు పుస్తకం వేస్తారట. అత్త కథ చెబితే రాస్తానంది. చెప్పాను.

అమ్మాయీ, ఒక మాట. హాస్టల్లో నువ్వు ఏ కులమని చెప్పుకుంటున్నావో నాకు తెలుసు. తప్పు పట్టను. ఆ పిల్లల మధ్య రోజూ కంచం పట్టుకుని కూర్చోవలసినదానివి నువ్వు. కానీ ఈ కథ నాది, చచ్చిపోయినవాడు నా మొగుడు. నాకు అచ్చక్షరాలైతే కూడబలుక్కోవడం వచ్చు గానీ నీ గొలుసుకట్టు రాత తెలియదు. ఏం రాశావో నీ నోటితోనే వినాలి. ఆ తలుపు వెయ్యకు, మీ అమ్మ వింటే విననీ. గొంతు తగ్గించకుండా మొదట్నుంచీ చదువు.