ఉయ్యాల దాకా వెళ్లిన సుద్దగీత

దయ్యం గియ్యం అంటే నాకు ఒళ్లు మండేది. ఖమ్మంలో పదిహేనేళ్లు వైరింగ్ పని చేసినవాణ్ని. ఇంట్లో ఏదో ఉందని వణుకుతూ పిలిచిన ప్రతిచోటా నాకు దొరికింది పైతోలు ఊడిన వైరే.

ఆరేళ్ల కిందటి వానాకాలం. మా చెల్లెలు సరోజ భద్రాచలం అవతల చర్లలో పాత ఇంట్లో కిరాయికి ఉండేది. వానలకు తడిసిన గోడ ముట్టుకుంటే కరెంటు కొడుతోందని ఫోన్ చేసింది. ఆ గోడ పక్కనే ఐదు నెలల పాప చీర ఉయ్యాల. పొద్దున్నే భద్రాచలం బస్సెక్కాను.

గోడలో వైరు ఎక్కడుందో పట్టే చేతి మిషన్ నా దగ్గర ఉండేది. కరెంటున్న వైరు మీదికి రాగానే కీచుమంటుంది. దాంతో గంటలో లోపం దొరికింది. స్విచ్‌బోర్డు పైన జాయింట్ తడిసింది. ఫ్యూజు పీకి, కొత్త వైరు వేశాను. అంతలో ఊరంతా కరెంటు పోయింది. మధ్యాహ్నం పన్నెండయి ఉంటుంది.

ఊరికే చివరిసారి మిషన్ గోడకు ఆనించాను. కీచుమంది.

ఊళ్లో కరెంటు లేదు. ఫ్యూజు నా జేబులో ఉంది. టెస్టర్ పెడితే వెలగలేదు. బ్యాటరీ మార్చినా అదే మోత, పక్క గోడకు మాత్రం మోగలేదు. మోగినచోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోయాను. గీత గుమ్మం పైనుంచి ఏటవాలుగా దిగి ఉయ్యాల వెనక్కి చేరింది. వైరు ఎవడూ అలా వాలుగా లాగడు. రెండుచోట్ల పూత గీకి చూశాను. ఇటుకా మట్టీ తప్ప ఏమీ లేవు.

"మిషన్ ఖరాబైంది," అన్నాను.

"ఖరాబైతే ఆ పక్క గోడకు ఎందుకు మోగలేదన్నా?" అంది సరోజ. "నాకు భయమైతాంది. ఉయ్యాల అవతల కడతా."

నాకు కోపం వచ్చింది. కోపం కాదు, నేనూ భయపడ్డానని దానికి తెలిసిపోతుందన్న సిగ్గు. "పిచ్చిగాని పట్టిందా ఏంది? షాక్ పోయింది గద. ఉయ్యాల ఆడ్నే ఉండనియ్యి!" అని కసిరాను.

నేను బువ్వ తింటుంటే అది ఉయ్యాల చీర ముడి విప్పి, ముందు గదిలో కట్టింది.

రాత్రంతా కుండపోత. తెల్లారి చాయ్ తాగుతుంటే లోపల దబ్బుమని చప్పుడు. ఇల్లంతా దుమ్ము. పాప కెవ్వుమంది. సరోజ దాన్ని గుండెకు కరుచుకుని వాకిట్లోకి ఉరికింది.

నేను లోపలికి వెళ్లి చూశాను. గోడ సగం కూలి, నిన్నటిదాకా ఉయ్యాల ఉన్నచోట కుప్పగా పడింది. మిగిలిన సగం గుమ్మం పైనుంచి ఏటవాలుగా నిలబడి ఉంది. దాని అంచు పొడవునా నా సుద్ద గుర్తులు.

తడిసిన మట్టిగోడ కూలడం వింత కాదు. కానీ ఆ మిషన్ పగుళ్లను పట్టదు, కరెంటునే పడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు కరెంటు లేనప్పుడు గోడలకు ఆనించినా ఒక్కసారీ మోగలేదు. ఆ రోజు అక్కడ అది ఏం పసిగట్టిందో నాకు ఈనాటికీ తెలియదు.

పాప ఇప్పుడు బడికి పోతోంది. "మామా" అంటూ వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. సరోజ ఆ మాట ఇప్పటిదాకా ఎత్తలేదు. ఉయ్యాల అక్కడే ఉంచమన్నది నేనే.