సత్తయ్య సంచిలో నా చెయ్యి

సహోదరులారా, సహోదరీలారా, తాగుడు మానినవాళ్ళ సాక్ష్యాలు, జబ్బు నయమైనవాళ్ళ సాక్ష్యాలు ఈ రేకుల మందిరంలో మీరు చాలా విన్నారు, నాది అలాంటిది కాదు, నేను తాగను, బీడీ ముట్టను, జ్వరం వస్తే రెండు పూటలు పడుకుని మూడో పూట పనికి పోతాను, అయినా రెండేళ్ళ కిందట నా లోపల ఒక రోగం ఉండేది, ఏ డాక్టరూ దానికి మాత్ర రాయలేడు, దాని పేరు అనుమానం. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు, ఆ భూతం నన్ను పట్టుకుని ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది, దాని చేతిలోంచి నన్ను విడిపించినవాడు ఉన్నాడు గనుకనే ఈ పూట మీ ముందు తలెత్తి నిలబడ్డాను, దేవునికే మహిమ!

నా పేరు దానియేలు, చెట్లు కొట్టించే మేస్త్రీని, మాది బాపట్ల వైపు, కొండాపూర్ వచ్చి పదేళ్ళు దాటింది. మాదాపూర్ గుట్టల్లో ఆ పెద్ద పెద్ద అద్దాల భవనాలు లేస్తున్న రోజులు అవి, రోడ్లు వెడల్పు చేస్తున్నారు, తీగలకు తగిలే కొమ్మలు నరకాలి, దారికి అడ్డమొచ్చే చెట్లు దించాలి, మాకు చేతినిండా పని. నా జతగాడు సత్తయ్య, ఖాజాగూడ మనిషి, తాతల నాటి నుంచి తాటిచెట్లెక్కి కల్లు గీసిన ఇల్లు, ఆ తాటిచెట్లన్నీ కొట్టేసి ప్లాట్లు చేశాక నా దగ్గరికి వచ్చాడు. ఆరేళ్ళు ఇద్దరం కలిసి పని చేశాం, ఆయన పైకెక్కేవాడు, నేను కింద ఆయన నడుముకు కట్టిన మోకుతాడు పట్టేవాణ్ణి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది, అది మీకు చెప్పాలి. ఎక్కేవాడి నడుముకు ముడి ఎక్కేవాడు వేసుకోడు, కింద మోకు పట్టేవాడే వేస్తాడు, వేశాక ఎక్కేవాడు దాన్ని లాగి చూడడు. లాగి చూశాడంటే నిన్ను నమ్మలేదని అందరి ముందూ చెప్పినట్టే! ఆరేళ్ళలో సత్తయ్య నా ముడిని ఒక్కసారి కూడా లాగి చూడలేదు.

అప్పుడే ఒక పెద్ద కంపెనీ స్థలంలో పని దొరికింది, వాళ్ళ రూలు ఏమిటంటే హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు, నడుము బెల్టు లేనివాణ్ణి గేటు దాటనివ్వరు. కష్టపడి ఇద్దరికీ అన్నీ కొన్నాను, నా దగ్గర ఒక పెట్రోలు రంపం కూడా ఉండేది, దాన్ని నేను బిడ్డలా చూసుకునేవాణ్ణి, మా ఇంటావిడ కరుణ నవ్వేది కూడా. ఇవన్నీ స్థలంలోనే ఒక రేకుల షెడ్డులో పెట్టి తాళం వేసేవాళ్ళం, తాళం చెవులు రెండు, ఒకటి నా దగ్గర, ఒకటి సత్తయ్య దగ్గర.

ముందు చేతి తొడుగులు పోయాయి, ఎక్కడో పారేసి ఉంటాంలే అనుకున్నాను. వారం తిరక్కుండా ఒక హెల్మెట్ పోయింది, తర్వాత కొత్త బూట్లు, ఆ తర్వాత నడుము బెల్టులు రెండూ, తాళం వేసినది వేసినట్టే ఉంది! సైటు సూపర్‌వైజరు వచ్చి షెడ్డు చుట్టూ ఒక చూపు చూసి, నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"తాళం పగల్లేదు, తలుపు కదల్లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు మేస్త్రీ, చూసుకో మరి."

ఆ ఒక్క మాట చాలింది సహోదరులారా! ఆ రోజు నుంచి సత్తయ్య ఏం చేసినా నా కంటికి దొంగతనంలాగే కనిపించింది. కొత్త చెప్పులు వేసుకొస్తే నా బూట్లు అమ్మి కొన్నాడనుకున్నాను, పాత చెప్పులతో వస్తే చూశావా నటిస్తున్నాడనుకున్నాను. పొద్దున నాకన్నా ముందొస్తే ఎందుకొచ్చాడని, ఆలస్యమైతే ఎక్కడికి పోయొచ్చాడని. ఒకరోజు నేను కావాలనే దొంగల ప్రస్తావన తెస్తే ఆయన భుజం మీది చెమట తుడుచుకున్నాడు, అంతే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని లెక్క తేల్చేశాను! మధ్యాహ్నం వాళ్ళింటి నుంచి వచ్చే రొట్టెలు ఆయనతో కలిసి తినడం మానేశాను, పని ఉందని చెప్పి చెట్టుకు అటువైపు కూర్చుని ఒక్కణ్ణే తినేవాణ్ణి, తింటూ కూడా ఆయన సంచి వైపే చూసేవాణ్ణి.

ప్రార్థన మానలేదు సుమా, ఇంకా ఎక్కువ చేశాను! "ప్రభువా, ఆ దొంగను బయటపెట్టు, నలుగురిలో వాడి తల దించు, వాడి చేతులు వణికించు," ఇదీ నా ప్రార్థన. వాడు ఎవడో నేనే తేల్చేసి, దేవుణ్ణి సంతకం పెట్టమన్నాను.

అప్పుడే పెట్రోలు రంపం కూడా పోయింది.

ఇంక నాకు మతి లేదు. ఇక్కడ కూర్చున్న మీలో ఎవరికీ తెలియని సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, మియాపూర్ అవతల ఒక పల్లెలో అంజనం వేసి దొంగను చెప్పే మనిషి ఉన్నాడంటే వెళ్ళాను, బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి, మీతో రొట్టె విరిచినవాణ్ణి, వెళ్ళి ఆయన ముందు చేతులు కట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన తమలపాకుకు కాటుక రాసి, దీపం ముందు పెట్టి, చాలాసేపు చూసి చెప్పాడు.

"నీ పక్కన కూసొని తినేటోడే తీసిండు. కుడిచేతి మీద గాటు ఉంటది. తాడు పట్టే చెయ్యి గది."

సత్తయ్య కుడిచేతి మీద గాటు ఉంది! కల్లుకత్తి తెగిన గాటు, ఆరేళ్ళుగా నేను చూస్తున్నదే. చెట్లు కొట్టేవాడి చేతి మీద గాటు లేకుండా ఎక్కడైనా ఉంటుందా? నా కుడిచేతి మీదా ఉంది, ఇదిగో చూడండి, మణికట్టు నుంచి బొటనవేలి దాకా. ఆ రోజు ఆ చేతితోనే అంజనం వాడికి దక్షిణ ఇచ్చాను, దాన్ని మాత్రం చూసుకోలేదు!

ఇంటికొచ్చి చెబితే కరుణ మొహం మాడిపోయింది. "దేవుడి ముందు వంచిన మోకాళ్ళే కదండీ అవి, వాడి ముందు ఎలా వంచారండీ?" అంది. "సత్తయ్యన్నని ఒక్కసారి అడిగారా అసలు?" అని కూడా అంది. దొంగ నిజం చెబుతాడా అని కసిరి పడుకున్నాను.

మర్నాడు కొండాపూర్ రోడ్డు మీద ఒక పెద్ద నిద్రగన్నేరు కొమ్మలు దించే పని. బెల్టు లేదు గనుక మోకునే నడుముకు కట్టాలి. సత్తయ్య ఎప్పటిలాగే నా ముందుకొచ్చి చేతులు పైకెత్తి నిలబడ్డాడు, ముడి వేయమని. నేను మోకు కొస ఆయన కాళ్ళ దగ్గర పడేసి, "నువ్వే కట్టుకో" అన్నాను. కూలీలందరూ విన్నారు. ఆయన నా మొహంలోకి చూసి, "ఏందన్నా, గిట్లంటవు?" అన్నాడు. వంగి మోకు తీసుకుని తన ముడి తనే వేసుకుని ఎక్కాడు.

ఆయన పైన కొమ్మ నరుకుతున్నాడు, సంచి చెట్టు మొదట్లో ఉంది, నాకు రెండు అడుగుల దూరంలో. ఇప్పుడు తప్ప మళ్ళీ దొరకదని మనసు పోరుపెట్టింది. మోకును పక్క చెట్టుకు ఒక చుట్టు తిప్పి, కొసను కాలికింద తొక్కిపట్టి, వంగి సంచిలో చెయ్యి పెట్టాను. లోపల నా తొడుగులు లేవు, నా బెల్టు లేదు, జొన్నరొట్టెల మూటలు రెండున్నాయి, ఒకటి ఆయనది, రెండోది నాది. నేను కలిసి తినడం మానేసి పదిహేను రోజులైనా ఆయన భార్య లచ్చమ్మ నా రొట్టెలు కట్టడం మానలేదు! ఆ మూట నా చేతిలో ఉండగానే పైన కొమ్మ పెళపెళమంది, కాలికింద మోకు సర్రుమని జారిపోయింది, సత్తయ్య పడ్డాడు.

నరికిన కొమ్మల కుప్ప మీద పడ్డాడు గనుక బతికాడు, తొడ ఎముక విరిగింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం, ఎలా పడ్డావని పోలీసాయన అడిగితే అంత నొప్పిలోనూ, "కాలు జారింది సారూ, ఎవరి తప్పు లేదు" అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. మనుషుల ముందు తప్పించుకున్నాను గాని, వరండాలో గోడ వైపు తిరిగి మోకరించాను, అప్పుడు నా నోట వచ్చిన ప్రార్థన ఇది: "ప్రభువా, రంపం వద్దు, దొంగ దొరకక్కర్లేదు, సత్తయ్యను లేపు. నేనే దొంగను, ఆరేళ్ళ నమ్మకాన్ని దోచుకున్నాను, నన్ను క్షమించు!" అన్నాళ్ళూ ఒక కన్ను సత్తయ్య మీదే పెట్టి ప్రార్థించాను, ఆ రోజే రెండు కళ్ళూ మూసుకుని ప్రార్థన చేశాను.

మూడో రోజు మంచం పక్కన నిలబడి అంతా చెప్పేశాను, అనుమానం, అంజనం, సంచి, అన్నీ. సత్తయ్య పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"పైకెల్లి అన్నీ కనవడ్తయన్నా. నువ్వు నా సంచిల చెయ్యి వెట్టింది సూసిన. గది సూస్తుంటెనే కాలు జారింది." అప్పుడు నా వైపు తల తిప్పాడు. "ఒక్కటి అడుగుత. గిన్నేండ్ల దోస్తానాల నోరు దెరిచి ఎందుకడగకపోతివి? అడిగితె సంచి నేనే విప్పి సూపెడ్తుంటి కద!"

మాఫ్ చెయ్యమని కాళ్ళు పట్టుకోబోతే, "కాలు ఇరిగింది, జర పైలం" అన్నాడు, ఆ బాధలోనూ ఎగతాళే. "గిప్పుడే మాఫ్ జేస్తనని అయితె అనను. రేపు రా." రేపు వెళ్ళాను, ఎల్లుండి వెళ్ళాను, రెండు నెలలు రోజూ పని దిగగానే వెళ్ళాను. ఒకరోజు లచ్చమ్మ సద్దిమూట విప్పి, ఏమీ అనకుండా రొట్టెలు మూడు చోట్ల పెట్టింది. ఆ రోజు ఏడుస్తూ తిన్నాను.

సత్తయ్య లేచాడు, దేవునికి స్తోత్రం! కాని కుంటు మిగిలింది, చెట్టెక్కలేడు. ఇక నేను ఎక్కాలి, ఆయన కింద పట్టాలి. మొదటిరోజు ఆయన ముందు చేతులెత్తి నిలబడితే ముడి వేశాడు, నేను లాగి చూడలేదు, ఎక్కాను. సగం ఎక్కానో లేదో ఆ పాత భూతం మళ్ళీ చెవిలో కూర్చుంది: నీ వల్ల కాలు చెడినవాడు, నీ ప్రాణం వాడి చేతిలో ఉంది, పగ తీర్చుకుంటే? రెండు చేతులతో మాను కౌగిలించుకుని ఉండిపోయాను, పైకి పోలేను, కిందికి రాలేను. "యేసయ్యా, నా వల్ల కావడం లేదు, నమ్మే మనసు నువ్వే ఇవ్వు" అని మొరపెట్టుకుని కిందికి చూశాను. సత్తయ్య తల వెనక్కి వంచి, ఎండ కళ్ళలో కొడుతున్నా రెప్ప వేయకుండా నా వైపే చూస్తున్నాడు, మోకు రెండు చేతుల్లో ఉంది, సంచి వైపు గాని, రోడ్డు వైపు గాని ఆయన చూపు పోలేదు. మాను వదిలేశాను. నా బరువంతా ఆ మోకు మీద వేసి వెనక్కి వాలాను, మోకు ఆగింది. నా విడుదల అదే సహోదరులారా, హల్లెలూయా!

ఆ తర్వాత కొన్నాళ్ళకు కంపెనీ వాళ్ళు మా షెడ్డు విప్పించారు, వెనక రేకుకు మేకులు పేరుకే ఉన్నాయి, వేలితో లాగితే ఊడి వచ్చాయి, దారిన పోయే ఎవడైనా దూరవచ్చు. తాళం చెవుల మీద నేను కట్టుకున్న సాక్ష్యమంతా అలా ఊడిపోయింది. దొంగ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, రంపం దొరకలేదు. ఒక్కోసారి ఆ సూపర్‌వైజరే ఏమో అనిపిస్తుంది, అనిపించిన వెంటనే నోటి మీద చెయ్యి వేసుకుని మోకరిస్తాను. సత్తయ్య మందిరానికి రాలేదు, పిలిస్తే "సూద్దామన్నా" అంటాడు, నా ప్రవర్తన ఇంకొన్నాళ్ళు చూడాలనుకుంటున్నాడేమో, చూడనివ్వండి.

సహోదరులారా, ఈ పాత కథ ఇవాళే ఎందుకు చెప్పానో మీలో కొందరికి అర్థమయ్యే ఉంటుంది. పోయిన వారం నుంచి మన మైకు పెట్టె కనిపించడం లేదు, అందుకే నేను ఇలా గొంతు చించుకుంటున్నాను. మందిరం ఎవరు ఊడుస్తారో, ఎవరు ఆఖరున వెళ్తారో మీకు తెలుసు, బయట చెప్పులు విప్పే దగ్గర ఏం గుసగుసలు పోయాయో నేనూ విన్నాను. ఆయన్ని ఎవరైనా అడిగారా? అడగలేదు. ఆ సహోదరుడు అదిగో గోడ వారగా చివరి చాప మీద కూర్చున్నాడు, నలుగురు పట్టే చాప, ఈ పూట ఆయన ఒక్కడే ఉన్నాడు. మనల్ని పైనుంచి చూసేవాడు ఉన్నాడు, ఆయన్ని నమ్ముతున్నామని పాడే మనం పక్కవాణ్ణి నమ్మడానికి భయపడుతున్నాం. నా చేతిని ఆ సంచిలోంచి బయటికి తీసిన దేవునికే మహిమ కలుగును గాక! మీరు పాట ఎత్తుకోండి, నేను వెళ్ళి ఆ చాప మీద కూర్చుంటాను, ఇంకా ఇద్దరికి చోటుంది.