గాలిలో అయితే దగ్గరే

బళ్లారిలో ఆదోని బస్సు ఆలస్యంగా బయల్దేరింది. నా పక్క సీట్లో ఒక పెద్దావిడ ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకొని కూర్చుంది. ఆ రోజు ఆదోనిలో ఆమె తమ్ముడి పెద్దకర్మ. పిండం పెట్టి చాలాసేపైనా కాకి ముట్టలేదని దారిలో ఫోనొచ్చింది.

"నా చేతి బొరుగుల ఉగ్గాని అంటే వానికి ప్రాణమప్పా. ఇది పెడితేనే ముడతాడు. ఇంకా ఎంత దూరముండాది?"

నేను ఫోన్లో మ్యాప్ చూశాను. "రోడ్డు చుట్టూ తిరిగి పోతుందండీ. గాలిలో నేరుగా అయితే దగ్గరే."

అలా ఎందుకన్నానో తెలియదు. ఆమె కిటికీ అద్దం జరిపి, డబ్బా మూత తీసి, ఆకాశంలోకి చూసింది.

"అయితే ఈడికే రారా నాయనా. ఆకలితో యాడ కూచోనుండావో."

ఆదోని వచ్చేదాకా ఆ మూత మళ్లీ పెట్టలేదు.