నా కాలి కొలతకు వంచిన బ్రేకు

ఆ రోజుల్లో కార్లు తయారుచేసేవాళ్ళ లెక్కలో మనిషంటే అయిదున్నర అడుగులే అయ్యుండాలి. నేనేమో ఆరడుగుల మూడంగుళాలు. ఎనభైల్లో చిలకలూరిపేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లు ఓనరుగారు నన్ను డ్రైవరుగా పెట్టుకున్నారు. ఆయన నల్లకారులో నేను కూర్చుంటే నా మోకాళ్ళు స్టీరింగుకు చెరోపక్కా కాపలా కాసేవి. యాక్సిలరేటరు మీంచి కాలెత్తి బ్రేకు మీద వెయ్యబోతే మోకాలు స్టీరింగు కింద ఇరుక్కునేది. సీటు వెనక్కి జరుపుదామంటే వెనక ఓనరుగారి పొట్ట. (మనిషి పొట్టి, గుండ్రం, మనసు మాత్రం మంచిది.)

మూడో రోజే ఒక మిరపకాయల బండికి అంగుళం దూరంలో ఆగాం. "ఒరేయ్ పొడుగోడా, ఆదివారం దాకా చూస్తా. ఆ తర్వాత మా బావమరిదే నడుపుతాడు," అన్నారాయన. ఆ బావమరిది అప్పటికే నా సీటు మీద కన్నేసి, రోజూ వచ్చి కారు అద్దంలో తల దువ్వుకుని పోతుండేవాడు. మా అమ్మ చూస్తే, కొడుక్కి కారు ఉద్యోగమొచ్చిందని వీధి వీధంతా చెప్పేసింది. అది కాస్తా పోతే ఏ ముఖం పెట్టుకుని ఇంటికెళ్ళాలి? నిజంగానే ఏడుపొచ్చింది.

మిల్లులో మిషన్లు బాగుచేసే వెల్డింగు బాబాయి దగ్గరికి పరిగెత్తాను.

"నీ కాలు కొయ్యలేం గదరా, పెడలే వంచుదాం," అని ఎర్రగా కాల్చి, నేను కాలు చాపుకునేలా నాలుగు వేళ్ళ మేర ముందుకు వంచాడు.

"మరి పరీక్ష ఎక్కడ బాబాయ్?"

"ఎదురుగా పత్తిగుట్ట ఉండగా ఇంకెక్కడరా? బ్రేకు పడితే గుట్ట ముందు ఆగుతావు, పడకపోతే గుట్టలో ఆగుతావు."

ఓనరుగారు భోంచేసి కునుకు తీసే వేళ చూసి గుట్ట మీదికి తోలాను. బ్రేకు పట్టేలోపే పెడలు కింద రేకుకు తగిలింది. కారు ముందద్దం దాకా పత్తిలోకి దూరింది. (వేడి ఇంజను, ఎండు పత్తి... ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకుంటే చెమటలు పడతాయి. అప్పుడు ఇద్దరం నవ్వుకుంటూ దులుపుకున్నాం.) బాబాయి కాసేపు బుర్ర గోక్కుని, పెడలు కింద రేకు కోసి, అక్కడ గిన్నెలాంటి గుంట అతికాడు. ఈసారి కారు గుట్టకు జానెడు దూరంలో నిలబడింది. మోకాలు ఎక్కడా తగల్లేదు!

ఆదివారం ఓనరుగారు, బావమరిదీ వచ్చారు. మూడుసార్లు తోలి, మూడుసార్లూ జానెడు దూరంలోనే ఆపాను.

"ఇదేం గొప్ప? దిగెహె," అంటూ బావమరిది ఎక్కాడు. గుట్ట దగ్గరికొచ్చేసరికి బ్రేకు కోసం కాలు చాపాడు, ఇంకా చాపాడు, చాపీ చాపీ సీట్లోంచి జారి స్టీరింగు కింద మాయమయ్యాడు. కారు వెళ్ళి పత్తిలో మునిగింది. కూలీలు మోస్తున్న పత్తి బోరేలు దింపి మరీ నవ్వారు.

ఓనరుగారు కాసేపు కారునీ, కాసేపు నా కాళ్ళనీ చూశారు. "ఇక నువ్వు తప్ప దీన్ని ఎవడూ నడపలేడు గదరా! తాళం నీ దగ్గరే ఉంచుకో," అన్నారు.

పద్దెనిమిదేళ్ళు ఆ తాళం నా జేబులోనే ఉంది. నా డ్రైవింగు చూసి ఓనరుగారు ముచ్చటపడ్డారని ఆ సాయంత్రం మా అమ్మకు చెప్పాను. నేనూ అలాగే నమ్మాను. ఆయన నన్ను ఉంచుకున్నది నా పనితనం చూసి కాదు, నా కాలి పొడవు చూసి అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసిన రోజున అప్పటి నన్ను, ఆ ఇరవై రెండేళ్ళ పొడుగోణ్ణి, తలుచుకుని నవ్వొచ్చింది గానీ, వాడి గర్వం తీసెయ్యబుద్ధి కాలేదు.