నేను నమిలిన అతిమధురం

అక్కకి కిడ్నీ ఇస్తానని చెప్పిన వారంలోనే సిగరెట్టు మానేశాను. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఫోన్‌లో మానమంది, మానాను. ముప్పై ఏళ్ళ అలవాటు ఒక్క ఫోన్‌తో పోతుందా? చెయ్యి ఊరుకున్నా నోరు ఊరుకోదు. ఇండియన్ స్టోర్‌లో పూజ సామాను పక్కన అతిమధురం పుల్లల ప్యాకెట్ కనిపిస్తే తెచ్చుకుని, జేబులో నాలుగు, నోట్లో ఒకటి పెట్టుకుని తిరగడం మొదలెట్టాను. చిన్నప్పుడు దగ్గొస్తే మా అమ్మ బుగ్గన పెట్టిన పుల్లే అది. దాన్ని మందని ఎవరనుకుంటారు?

ఎవరూ అనుకోకపోయినా నేను అనుకోవాలి. నా ఉద్యోగమే అది. మేముండే ప్లెయిన్స్‌బరో ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కి పావుగంట దూరంలో ఒక ల్యాబ్ ఉంది. మూలికల కంపెనీలు పంపే వేర్లూ పొడులూ అసలువో కావో తేల్చి రిపోర్ట్ రాస్తాను, పదిహేడేళ్ళుగా. విసుక్కోవడానికి కూడా విసుగొచ్చేంత కాలం. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది చైనా అతిమధురం. అది పడని కషాయం వాళ్ళ వైద్యంలో అరుదు. పెళ్ళిలో ఇరుపక్షాలకీ సర్దిచెప్పే పెద్దమనిషిలా, ఘాటైన వేర్ల మధ్య రాజీ కుదురుస్తుందని వాళ్ళ నమ్మకం.

చూడ్డానికి ఏమంత గొప్ప మొక్క కాదు. చిక్కుడు, వేరుశనగల కుటుంబమే. ఈనెకి రెండు వైపులా జంటలుగా ఆకులు, ఊదారంగు పూలు. చైనా రకానికి కాయ కొడవలిలా వంగి, ఒళ్ళంతా బిరుసు నూగుతో ఉంటుంది. మన బజార్లో దొరికే రకానికి తిన్నగా, నున్నగా ఉంటుంది. ఆ కాయలు మా దాకా రావు. మాకు వచ్చేది వేరు: పైన ఎర్రమట్టి రంగు బెరడు, విరిస్తే లోపల పసుప్పచ్చటి పీచు. ఏది ఏ రకమో తేల్చాలంటే యంత్రానికి ఎక్కించాల్సిందే. మన రకంలో ఉండే గ్లాబ్రిడిన్ అనే పదార్థం చైనా రకంలో కనపడదు. తీపినిచ్చేది మాత్రం రెండిట్లోనూ ఒకటే, గ్లిసరైజిన్. దాని ముందు చక్కెర చప్పన.

ఆ గ్లిసరైజిన్ ఒంట్లో ఏం చేస్తుందో నన్నడగండి. కిడ్నీలో కార్టిసాల్ అనే హార్మోన్‌ని అదుపులో పెట్టే ఎంజైమ్ ఒకటుంటుంది. దాన్ని పని చేయనివ్వదు. దాంతో ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం బయటికి పోతుంది, బీపీ పెరుగుతుంది. మా రిపోర్ట్ చివర ఈ హెచ్చరిక రాసేది నేనే. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందంటారే, అదీ నా సంగతి.

మొదటి పరీక్షలో నా బీపీ మామూలుగానే ఉంది. రెండు నెలలకి పెరిగింది. మళ్ళీ చూశారు, ఇంకా పెరిగింది. పొటాషియం తగ్గిందన్నారు. పిక్కలు పట్టేసేవి, రెండో అంతస్తు మెట్లు ఎక్కాక కాసేపు గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి. సిగరెట్టు మానినందుకు ఒళ్ళు సాధిస్తోందనుకున్నాను. "ఎనీ హెర్బల్ సప్లిమెంట్స్?" అని కోఆర్డినేటర్ అడిగింది. "నో" అన్నాను. అబద్ధం కాదు, పుల్ల సంగతి నిజంగానే తట్టలేదు. వచ్చే నెల ఆఖరిసారి చూస్తాం, అప్పుడూ ఇలాగే ఉంటే డోనర్‌గా తీసుకోలేం అంది. మా ఇంటిల్లిపాదిలో మ్యాచ్ అయింది నేనొక్కణ్ణే.

మా ల్యాబ్‌లో వేరు విరిచి వాసన చూసి పేరు చెప్పే చైనా ఆవిడ ఒకరున్నారు. ఎప్పుడో రిటైరవ్వాల్సిన వయసు. ఒక మంగళవారం లంచ్ రూమ్‌లో నా నోట్లో పుల్ల చూసి, రోజుకి ఎన్ని నములుతావని అడిగారు. ఆరో ఏడో అన్నాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టేశారు.

"మా తాత కషాయంలో దీన్ని రెండు పలచటి ముక్కలు వేసేవాడు. నువ్వు కట్టెలు నములుతున్నావు. నీ బీపీ ఎంత?"

అప్పుడు వెలిగింది నాకు. వెలిగాక ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. నోట్లో పుల్ల చెత్తబుట్టలో పడేశాను. సాయంత్రం ఇంటికి డ్రైవ్ చేస్తూ ఇంకోటి పెట్టుకున్నాను. మర్నాడూ పెట్టుకున్నాను. నాకు ఆపరేషనంటే భయం. ఇస్తానన్న రోజు నుంచీ భయమే, నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. బీపీ ఉంది కాబట్టి కుదరదని వాళ్ళే అంటే నేను వెనక్కి తగ్గినట్టు కాదు కదా. పాపం, ఇద్దామనే అనుకున్నాడు అంటారు అందరూ. అలిసిపోయిన మనిషికి ఆ మాట చాలు.

ఆ తర్వాతి వారం ఆదివారం సాయంత్రం దేశానికి అటు చివరున్న చాండ్లర్ నుంచి అక్క ఫోన్ చేసింది. సోమ, బుధ, శుక్రవారాలు తనకి డయాలసిస్. ఆదివారానికి కాస్త మాట్లాడే ఓపిక ఉంటుంది.

"ఏరా, మాట ముద్దగా వస్తోంది. నోట్లో ఏముంది?"

"అతిమధురం."

"గొంతు బాలేదా? మిరియాల పాలు తాగకపోయావా?"

ఊఁ అనేస్తే సరిపోయేది. తను అంత నీరసంలో నా గొంతు గురించి అడుగుతుంటే ఊఁ అనలేకపోయాను. చెప్పేశాను. వేరు సంగతి, బీపీ సంగతి, తెలిసీ నమలడం, భయం, అన్నీ. అవతల బావ టీవీ కట్టేయడం వినపడింది.

"మానేస్తే తగ్గుతుందా బీపీ?"

"కొన్ని వారాల్లో తగ్గుతుందక్కా."

"నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"పన్నెండు రోజులు."

"అంటే నాకు ఐదు డయాలసిస్‌లురా" అంది. గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "భయమని మొదట్లోనే చెప్పుంటే, వద్దులేరా అనేదాన్ని. ఇప్పుడు వద్దనే ఓపిక నాకు లేదు."

నోట్లోది ఉమ్మేసి, మానేస్తానక్కా, ఇస్తాను అన్నాను. సరే అనలేదు. రేపు పొద్దున్నే వెళ్ళాలి, పడుకుంటాను అని ఫోన్ పెట్టేసింది.