మెహ్రంగీజ్ కనిపించే మూడు నిమిషాలు

టెహ్రాన్‌లో సినిమా తీయడం ఒక ఎత్తు, దాన్ని హాలు దాకా చేర్చడం ఇంకో ఎత్తు. ఇరవై రెండేళ్లలో బహాదర్‌కి ఆ రెండో విద్య పట్టుబడితే ఒట్టు! పెళ్లిఫొటోలు తీస్తూ మొదలుపెట్టి మూడు సినిమాలు తీశాడు. మూడింట్లోనూ ఇరుకు అపార్టుమెంట్లు, అద్దె పెంచే ఇంటివాళ్లు, మెట్ల మీద తగువులే. ఊళ్లో మనుషుల్ని ఉన్నదున్నట్టు చూపిస్తాడని పేరైతే వచ్చింది.

నాలుగో సినిమాలో అత్త వేషం వేయాల్సిన నటి షూటింగు రోజున రాలేదు. బహాదర్ తన తల్లి మెహ్రంగీజ్‌నే ఆవిడ వంటింట్లో కూర్చోబెట్టాడు.

"నేనేంట్రా, నటించడమేంట్రా!"

"నటించొద్దమ్మా. కొత్తిమీర బాగుచేస్తూ కోడల్ని సాధించు, చాలు."

"అదా! అది నువ్వు నాకు నేర్పాలా?"

నిజంగానే నేర్పక్కర్లేకపోయింది. కోడలి వేషంలో ఉన్న పిల్లని ఆవిడ దులిపి ఆరేసింది. ఆ ఊపులో తలగుడ్డ భుజాల మీదికి జారింది. గదిలో ఆ పిల్ల, కెమెరా పట్టుకున్న కన్నకొడుకు తప్ప ఎవరూ లేరు. కొడుకు ముందు ఏ తల్లి తల కప్పుకుంటుంది? ఆ కెమెరాలోంచి ఊరంతా చూస్తుందన్న సంగతి ఆవిడ మరిచిపోయింది. బహాదర్ మరిచిపోలేదు. చెబితే ఆ సహజత్వం పోతుందని నోరు మూసుకున్నాడు, దౌర్భాగ్యుడు!

ఆ చలికాలంలోనే మెహ్రంగీజ్ గుండెపోటుతో పోయింది.

సినిమా అనుమతుల ఆఫీసు రెండేళ్లు తిప్పింది. చివరికి అధికారి కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"ఆ మూడు నిమిషాలు తీసెయ్యండి బహాదర్ గారూ, రేపే సంతకం పెట్టేస్తా."

"ఆవిడ మా అమ్మండీ. ఇప్పుడు లేదు."

"అయ్యయ్యో, దేవుడు ఆవిణ్ణి చల్లగా చూడాలి. కానీ జుట్టు కనిపిస్తోందండీ, తెరమీద ఆడవాళ్ల జుట్టు కనబడకూడదని చట్టం. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

సినిమాకి పనిచేసిన నలభైమంది రెండేళ్లుగా ఎదురుచూస్తున్నారు. బహాదర్ తన చేత్తోనే ఆ ముక్క కత్తిరించాడు. తండ్రికి మాత్రం చెప్పలేదు.

మొదటిరోజు మధ్యాహ్నం ఆటకి ముసలాయన ఇస్కందర్ గడ్డం గీయించుకుని, మరదల్నీ ఇరుగుపొరుగునీ వెంటబెట్టుకుని వచ్చాడు. తెరమీద వంటిల్లు కనబడ్డప్పుడల్లా "ఇదిగో, ఇప్పుడొస్తుంది" అంటూ మరదలి చెయ్యి తట్టాడు. సినిమా అయిపోయి దీపాలు వెలిగాయి. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. బహాదర్ దగ్గరికొచ్చినా ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

"మీ అమ్మేదిరా?"

"తీసేశాను నాన్నా."

"ఎవరు తీసేశారు?"

"నేనే. తీసెయ్యకపోతే సినిమా బయటికి రానివ్వం అన్నారు. ఆ ముక్క ఇంట్లో దాచాను. సాయంత్రం చూపిస్తాను."

"ఇంట్లో దాన్ని నలభై ఏళ్లు చూశాన్రా," అన్నాడు ఇస్కందర్, కర్ర ఊతంగా లేస్తూ. "నలుగురూ చూస్తుంటే చూద్దామని వచ్చాను."